డబుల్స్ తీసి ఇంటర్వల్స్ పెడితే జవాబు ఊరంత వెడల్పు వస్తోంది, ఎవరైనా నిజంగా వాడుతున్నారా?

సగంబిట్:
సిమ్యులేషన్ కోడ్‌లో డబుల్స్ (దశాంశ సంఖ్యల్ని కొన్ని అంకెల వరకే దాచుకునే మామూలు టైపు) అన్నీ తీసేసి ఇంటర్వల్స్ పెట్టాను. అంటే ప్రతి సంఖ్యకీ ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉంటాయి, అసలు విలువ ఆ రెంటి మధ్యే ఉంటుందని గ్యారంటీ. మొదట్లో బాగానే నడిచింది, తర్వాత వెడల్పు పెరుగుతూ పెరుగుతూ చివరికి మైనస్ ఇన్ఫినిటీ నుంచి ప్లస్ ఇన్ఫినిటీ దాకా అని చేతులెత్తేసింది. అబద్ధమైతే కాదు, కానీ ఆ జవాబుతో ఏం చేసుకోను?

కిందిహద్దు:
టైపు మార్చి కంపైల్ చేస్తే దాదాపు అందరికీ ఇదే వస్తుంది. ఎక్స్ [0, 1]లో ఉందనుకోండి. ఎక్స్ − ఎక్స్ అంటే మనకి సున్నా, ఇంటర్వల్‌కి మాత్రం [−1, 1], ఎందుకంటే రెండు చోట్లా ఉన్నది ఒకే ఎక్స్ అని దానికి తెలీదు. ఎక్స్ × (1 − ఎక్స్) వేసి చూడండి, [0, 1] వస్తుంది. ఎక్స్ − ఎక్స్ వర్గం అని రాస్తే ఇంకా ఘోరం, [−1, 1]. అదే సూత్రాన్ని 1/4 − (ఎక్స్ − 1/2) వర్గం అని తిప్పి రాస్తే ఎక్స్ ఒక్కసారే వస్తుంది కాబట్టి కచ్చితంగా [0, 0.25] దిగుతుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది, వర్గానికి లైబ్రరీ ఇచ్చే స్క్వేర్ ఫంక్షనే వాడాలి. [−0.5, 0.5]ని దాంతోనే గుణిస్తే [−0.25, 0.25] వచ్చి కూర్చుంటుంది, వర్గం రుణాత్మకం ఎలా అవుతుందండీ!

రౌండాఫ్‌రాజా:
నాకైతే ఇదంతా అనవసర శ్రమ అనిపిస్తుంది. సింగిల్‌లో (తక్కువ అంకెల టైపు) ఒకసారి, డబుల్‌లో ఒకసారి రన్ చేస్తాను, అంకెలు కలిస్తే టెన్షన్ లేదు, కలవకపోతే ప్రెసిషన్ పెంచుతాను. ఇన్నాళ్లూ పని జరిగిపోయింది.

మూలాలవేట:
రాజా గారూ, మీ పద్ధతిని పడగొట్టడానికే ఉన్నట్టు ఒక ఉదాహరణ ఉంది, 1988లో జీగ్‌ఫ్రీడ్ రుంప్ ఇచ్చింది. రెండు చరరాశుల మామూలు సూత్రమే, విలువలు 77617, 33096. అప్పటి ఐబీఎం 370 మెషీన్ మీద సింగిల్, డబుల్, ఇంకా ఎక్కువ అంకెలుండే ఎక్స్‌టెండెడ్ మూడింటిలోనూ 1.172603 అనే వచ్చింది. మూడూ చక్కగా కలిశాయి, అసలు జవాబు మాత్రం −0.827396. అంకెలే కాదు, గుర్తు కూడా తప్పే.

ఇంకోటి మీరే టైప్ చేసి చూడొచ్చు, ముల్లర్ అనే ఆయన ఇచ్చిన సంఖ్యల వరుస. మొదటి పదం 2, రెండోది −4, ఆ తర్వాత ప్రతి పదమూ 111 − 1130/ముందుది + 3000/(ముందున్న రెండింటి లబ్ధం). అసలు ఇది 6కి చేరాలి. డబుల్‌లో కాసేపు 6 వైపే దిగుతున్నట్టు నటించి, ఎగిరి 100 దగ్గర స్థిరపడుతుంది. ప్రెసిషన్ పెంచితే ఇంకాస్త ఆలస్యంగా 100కి చేరుతుంది, అంతే తేడా. ఇంటర్వల్స్‌తో అయితే వెడల్పు పేలిపోయి, సున్నా లోపలికొచ్చి, భాగహారం దగ్గర ఆగిపోతుంది. సగంబిట్ గారికి చిరాకు తెప్పించింది కూడా ఆ రకం జవాబే. 100 అని నమ్మకంగా చెప్పే దానికంటే నాకు తెలీదు అనేదే నయం కదా.

రౌండాఫ్‌రాజా:
ముల్లర్‌ది ఇప్పుడే వేశాను. 100 వచ్చింది. సరే, ఒప్పుకుంటా. కానీ "తెలీదు" అని చెప్పే ప్రోగ్రామ్‌ని ఎవరికి చూపిస్తాం?

సుడిగుండం:
సగంబిట్, మీ సిమ్యులేషన్‌లో ఎక్కడైనా భ్రమణం ఉందా? ఉంటే సూత్రాలు ఎంత తిప్పి రాసినా లాభం లేదు. చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి, దాని చుట్టూ మళ్లీ అక్షాలకి సమాంతరంగా డబ్బా కట్టాలంటే భుజం రూట్ 2 రెట్లు పెరుగుతుంది. ఎనిమిదిసార్లు తిప్పితే ఒక చుట్టు పూర్తై బయల్దేరిన చోటికే వస్తారు, డబ్బా మాత్రం 16 రెట్లు. ఇందులో రౌండింగ్ తప్పు ఇసుమంతైనా లేదు, అంతా డబ్బా ఆకారం వల్లే. డబ్బాని కూడా కదలికతో పాటు తిప్పే పద్ధతులున్నాయి, లోనర్ అనే ఆయనది అలాంటిదే, లేదంటే టేలర్ మోడల్స్ (డబ్బాకి బదులు ఒక బహుపది, దానికో చిన్న తప్పు హద్దు). ఏ సంఖ్య దేన్నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకునే ఆఫైన్ అరిథ్మెటిక్ కూడా కొంత ఆదుకుంటుంది గానీ కోడ్ బరువెక్కుతుంది.

మూలాలవేట:
రాజా అడిగినదానికి. "తెలీదు" రాని చోటే దీని అసలు సత్తా. ఇంటర్వల్ న్యూటన్ చూడండి, అంటే సమీకరణం మూలాన్ని వెతికే న్యూటన్ పద్ధతినే ఇంటర్వల్స్‌తో చేయడం. ఎక్స్ వర్గం − 2 = 0, వెతికేది [1, 2]లో. మధ్యబిందువు 1.5, అక్కడ విలువ 0.25, డెరివేటివ్ [2, 4]. 1.5 నుంచి 0.25/[2, 4] తీసేస్తే [1.375, 1.4375]. ఇది పూర్తిగా [1, 2] లోపలే పడింది కాబట్టి అక్కడ మూలం ఉంది, ఒక్కటే ఉంది. అంచనా కాదు, నిరూపణ. ఇంకొక్క అడుగు వేస్తే [1.4140625, 1.414418]. పాత, కొత్త ఇంటర్వల్స్‌కి ఉమ్మడి భాగమే లేకపోతే ఆ ముక్కలో మూలం లేనట్టే, కొట్టేసి ముందుకెళ్లొచ్చు. లోరెంజ్ సమీకరణాల్లో స్ట్రేంజ్ అట్రాక్టర్ (దారులన్నీ చేరి గజిబిజిగా తిరిగే ఆకారం) నిజంగానే ఉందని వార్విక్ టకర్ 1999లో నిరూపించింది ఇంటర్వల్ లెక్కల సాయంతోనే.

బిట్టుబిట్టుగా:
గణితం మీరంతా చెప్పేశారు, కంపైలర్ సంగతి నేను చెప్తా. కింది హద్దుని కిందికి, పై హద్దుని పైకి రౌండ్ చేయాలి, ఆప్టిమైజర్‌కి ఆ ధ్యాసే ఉండదు. జీసీసీ కంపైలర్‌లో ఫాస్ట్-మ్యాత్ ఫ్లాగ్ జోలికి పోవద్దు, రౌండింగ్-మ్యాత్ ఫ్లాగ్ పెట్టండి. లేకపోతే 1/3 లాంటి వాటిని కంపైల్ టైంలోనే మామూలు రౌండింగ్‌తో లెక్కకట్టి పెట్టేస్తుంది, గ్యారంటీ గంగలో కలుస్తుంది. రౌండింగ్ మోడ్ మాటిమాటికీ మార్చడం స్లో కాబట్టి చాలామంది కింది హద్దుని మైనస్ గుర్తుతో దాచుకుని అన్నీ పైకే రౌండ్ చేస్తారు. ఇంకోటి, చాలా లైబ్రరీల్లో 0.1 అని నంబర్‌గా ఇస్తే అప్పటికే అది 0.1000000000000000055 అయిపోయి ఉంటుంది, అసలు 0.1 మీ ఇంటర్వల్‌లో ఉండనే ఉండదు. కోట్స్‌లో స్ట్రింగ్‌గా ఇవ్వండి.

సగంబిట్:
అందరికీ థాంక్స్. భ్రమణం ఉంది, అదీ ప్రతి స్టెప్పులో. సిమ్యులేషన్ మొత్తం డబుల్స్‌తోనే నడిపి, చివర్లో సమతౌల్య స్థితిని వెతికే చోట మాత్రం ఇంటర్వల్ న్యూటన్ పెడతాను. ఇఫ్ కండిషన్ల సంగతేంటి? [1, 3] < [2, 4] అంటే ట్రూనా, ఫాల్సా?

కిందిహద్దు:
రెండూ కాదు. కచ్చితంగా చిన్నది, కావచ్చు, కచ్చితంగా కాదు అని మూడు జవాబులు పెట్టుకోండి. "కావచ్చు" వచ్చినప్పుడు రెండు బ్రాంచీలూ నడిపి ఫలితాల్ని కలిపెయ్యండి, లేదా ఇంటర్వల్‌ని సగానికి కోసి మళ్లీ అడగండి. మీది వెతుకులాటే కాబట్టి కోయడమే మేలు.