సీసీ రోడ్డు పడేలోపు కొళాయి కనెక్షన్ (తిరుపతి)

ప్రశ్న: మా వీధిలో సీసీ రోడ్డు వేస్తారంట. కొళాయి కనెక్షన్ ఇప్పుడే తీసుకోవాలా, రోడ్డు అయ్యాకైనా సరిపోతుందా?

జవాబు 1: ఇప్పుడేన్నా. తర్వాతైతే రోడ్డు కటింగ్ చార్జీ అదనం. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి, ఇంటి పన్ను బాకీ ముందే కట్టేయండి. మీటరు లేకపోతే వాడకంతో పనిలేకుండా నెలకింత అని పడుతుంది.

జవాబు 2: రోడ్డు అడ్డంగా దాటే చోట అర అంగుళం పైపును రెండంగుళాల పీవీసీ పైపులో దూర్చి వేయించండి. రేపు లీకైతే కాంక్రీటు పగలగొట్టకుండా లాగి మార్చొచ్చు. ఫెర్రూల్ (మెయిన్ పైపు నుంచి కనెక్షన్ తీసే ముక్క) దగ్గర సాడిల్ (మెయిన్ పైపును చుట్టి పట్టే క్లాంపు) బోల్టులు బిగించాక నీళ్లు వదిలి చూసి, ఆ తర్వాతే పూడ్చాలి. మట్టిని ఆరంగుళాలకొక పొరగా వేసి, తడిపి దిమ్మిస కొట్టాలి. ఒక్కసారే మట్టి నెట్టేస్తే కింద కుంగి రోడ్డు పగులుతుంది. ఎక్కువగా జరిగేదిదే.

జవాబు 3: పాత రోడ్డు తవ్వకుండా పైనే పోస్తే రోడ్డు ఎత్తు పెరిగి వాన నీళ్లు గడప దాటతాయి. కాంక్రీటు పడకముందే మున్సిపల్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) రాసివ్వండి.