బందరా, మచిలీపట్నమా: ఏది అసలు పేరు?

మన మద్రాసు తెలుగువాళ్ళ గ్రూపులో నిన్నటి చర్చలో "బందరు అనేది నోట్లో పడి పాడైన పేరు, రాసేటప్పుడు మచిలీపట్నం అనే రాయాలి" అని ఒకరన్నారు. "మచిలీ అంటే చేప కదా, చేపల ఊరు కాబట్టి ఆ పేరొచ్చింది" అని ఇంకొకరు. రెండిటితోనూ నేను ఏకీభవించను. కామెంట్లో పట్టేలా లేదని విడిగా రాస్తున్నా.

ముందు చేప సంగతి. ఊరు సముద్రం పక్కనే ఉంది, గిలకలదిండిలో వేట పడవలు ఉన్నాయి, హిందీ మాటేమో సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది, కాబట్టి ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. ఊరి ద్వారానికి చేప కళ్ళు పెట్టేవారన్న కథ కూడా చెప్తారు. కానీ మొదటి శతాబ్దంలో గ్రీకులో రాసిన 'పెరిప్లస్' అనే సముద్ర వర్తకుల పుస్తకం ఈ తీరాన్ని మసాలియా అంటుంది, అక్కడ సన్నని నూలు బట్టలు బాగా నేస్తారని కూడా చెప్తుంది. రెండో శతాబ్దంలో భూగోళం రాసిన టాలమీ మైసోలియా అని రాశాడు. అప్పటికి హిందీ అనే భాషే లేదు. నా ఉద్దేశంలో 'మసుల' ముందు, చేప తర్వాత. పాత పేరుకు అర్థం తెలియకపోతే చెవికి దగ్గరగా ఉన్న మాటతో దాన్ని సరిపెట్టేసుకోవడం మన ఊళ్ళ పేర్లలో చాలాచోట్ల జరిగిందే. ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో కనిపించే మసులిపటాన్ని అందరూ తప్పుపడతారు గానీ, ఆ పాత 'స' నిలిచింది అందులోనే.

ఇక బందరు. ఇది పారసీ మాట, రేవు అని అర్థం. ఇరాన్‌లో బందర్ అబ్బాస్, గుజరాత్‌లో పోర్‌బందర్, ముంబైలో బోరీబందర్ అన్నీ అదే. మలయ్ భాషలోకి వెళ్ళి ఏకంగా పట్టణం అనే అర్థం తెచ్చుకుంది, బ్రూనే రాజధాని పేరు మొదట్లో ఉన్న బందర్ అదే. గోల్కొండ కుతుబ్‌షాహీలకు తూర్పు సముద్రం మీద పెద్ద రేవు ఈ ఊరు, దర్బారు భాష పారసీ, 1605లో డచ్చివాళ్ళూ 1611లో ఇంగ్లీషువాళ్ళూ వచ్చి వాలింది కూడా ఇక్కడే. అంత పెద్ద రేవుకి వేరే గుర్తు అక్కర్లేదు, ఉత్త 'రేవు' అంటే చాలు ఏ ఊరో అందరికీ తెలుస్తుంది.

మనం ఇక్కడ చేసిందీ అదే కదండీ! నెల్లూరు, చిత్తూరు వైపు పెద్దవాళ్ళు 'పట్నం పోయొస్తా' అంటే చెన్నపట్నమే, ఏ పట్నం అని అడిగేవాడు లేడు. దాన్ని పాడైన పేరు అని ఎవరూ అనలేదు. బందరుకు మాత్రం ఎందుకా మాట?

ఇక పట్నం అనే మాట గురించి మన తమిళ స్నేహితుల్ని అడిగితే ఒక మంచి తేడా చెప్తారు. వాళ్ళకు పట్టణం వేరు, పట్టినం వేరు. పట్టణం ఏ ఊరైనా కావచ్చు, పట్టినం అంటే సముద్రపు ఒడ్డున ఉన్న రేవు ఊరు. కావేరిపూంపట్టినం, నాగపట్టినం అలా వచ్చినవే, మన శాంతోం పక్కనున్న పట్టినప్పాక్కంలో ఉన్నదీ ఆ మాటే. తెలుగులో ఈ రెండూ ఒకే పట్నంలో కలిసిపోయాయి, కానీ తీరం వెంబడి చూడండి: భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, నిజాంపట్నం, కొత్తపట్నం, కృష్ణపట్నం. అంటే మచిలీపట్నంలోనూ రేవు ఉంది, బందరులోనూ రేవే ఉంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి నాకైతే కారణం కనిపించదు.

ఇంకొకరు మసులా పడవల గురించి అడిగారు. మద్రాసుకు హార్బరు లేని రోజుల్లో ఓడలు దూరంగా ఆగేవి, మనుషుల్నీ సరుకునీ అలల మీదుగా ఒడ్డుకు చేర్చినవి ఆ పడవలే. పలకల్ని మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు, అల కొట్టినా విరగకుండా వంగేవి. ఆ పేరు మసుల నుంచే వచ్చిందా అన్నది పండితుల మధ్య ఇంకా తేలలేదు కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. మద్రాసుకూ ఆ ఊరికీ సంబంధానికి గట్టి ఆధారం వేరే ఉంది. 1639లో ఈ స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే బందరులోని ఈస్టిండియా కంపెనీ పెద్దల కింద పనిచేసినవాడు, 1640లో అతనితో కలిసి ఇక్కడ కోట మొదలుపెట్టిన ఆండ్రూ కోగన్ బందరు నుంచే వచ్చాడు.

వాడుక విషయానికొస్తే, రైలు టికెట్ మీద, జిల్లా కాగితాల మీద మచిలీపట్నం ఉండాలి, అది సరే. కానీ బందరు లడ్డు, బెజవాడలో బందరు రోడ్డు, బందరు కాలువ, వీటిలో పేరు మార్చి పలికి చూడండి, నోటికి రాదు. కథలోనో వ్యాసంలోనో ఒక మనిషి 'బందరు వెళ్తున్నా' అంటే దాన్ని దిద్దకండి, దయచేసి.

పెడన, గూడూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు గ్రూపులో ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు బందరు అనే మాటని ఊరి పేరుగా కాకుండా మామూలుగా రేవు అనే అర్థంలో వాడటం విని ఉంటే, ఆ వాక్యాన్ని వాళ్ళన్నట్టుగానే కింద రాయండి.