ఉగాది మార్చి 30, 2025, బర్మింగ్‌హామ్ తెలుగు సంఘం – పనులు పంచుకుందాం (అందరూ చదవండి)

కార్యదర్శి, సోమవారం 17
అందరికీ నమస్కారం. రెండు వారాలు కూడా లేవు కాబట్టి లిస్టు పెడుతున్నా. పచ్చడి అక్కలది. పంచాంగ శ్రవణం మాస్టారిది. పిల్లల డాన్సులు తొమ్మిది, పదోది ఎవరడిగినా లేదు. స్టేజి, సౌండ్, రిజిస్ట్రేషన్ టేబులు, పార్కింగ్: పేర్లు కావాలి. భోజనాలు 280 మందికి, కేటరర్‌కి అడ్వాన్స్ వెళ్ళింది. బుధవారంలోగా పేర్లివ్వండి.

వంటల అక్క
వేపపువ్వు అమ్మ పంపింది, డబ్బాలో ఉంది. మామిడికాయలు సోహో రోడ్డులో చూస్తా. బెల్లం తరిగే పని మాత్రం ఈసారి నా ఒక్కదాని మీద వెయ్యకండి.

కార్యదర్శి, మంగళవారం 18
లిస్టు ఆపండి. హాల్ వాళ్ళ మెయిల్ ఇప్పుడే చూశా. వెనక బిన్‌లు నిండి మూతలు పడట్లేదట, పక్కన సంచులు పేరుకున్నాయట, ఎలుకలు తిరుగుతున్నాయట. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ చెత్త బండ్ల వాళ్ళ సమ్మె తేలేదాకా భోజనాలున్న బుకింగ్‌లు ఒప్పుకోరు. కార్యక్రమం చేసుకోవచ్చు, తిండి మాత్రం వద్దన్నారు. లేదంటే డబ్బు వెనక్కి ఇస్తారట.

పిల్లల డాన్సుల అక్క
భోజనం లేకుండా ఉగాదికి ఎవరొస్తారండీ? వేరే హాల్ చూడండి.

సౌండ్ తమ్ముడు
మూడు చోట్ల అడిగా అక్కా. 30నే ఇక్కడ మదర్స్ డే. రంజాన్ కూడా ఆ రోజో మర్నాడో. ఎక్కడా ఖాళీ లేదు.

టివిడేల్ తమ్ముడు
గుడి వెనక వీధిలో ఉంటాను, మాది పక్కనున్న సాండ్‌వెల్ కౌన్సిల్, సమ్మె లేదు. మా బిన్ మొన్న కూడా ఖాళీ చేశారు. చెత్త సంచులు మా ఇంటికి పంపండి, నేను చూసుకుంటా.

కోశాధికారి
280 మంది తిన్న ప్లేట్లు ఒక్క ఇంటి బిన్‌లో పడతాయా తమ్ముడూ? పైగా సంఘం కార్యక్రమం చెత్త ఇంటి చెత్త కిందికి రాదు. ఫైన్ పడితే ఎవరు కడతారు? చెత్త ఎత్తే ప్రైవేటు వాళ్ళని అడిగా, 240 పౌండ్లన్నారు. ఖాతాలో 310 ఉంది, అందులో సౌండ్‌కి 180 పోవాలి. లెక్క మీరే వేసుకోండి.

సభ్యుడు, సోలిహల్
ఇదంతా ఆ సమ్మె వాళ్ళ వల్ల. 11 నుంచి పూర్తిగా పని మానేసి కూర్చున్నారు. మన పండగ నాశనం.

రిజిస్ట్రేషన్ చెల్లి
అన్నా, మీరుండేది సోలిహల్‌లో, అది వేరే కౌన్సిల్, మీ బిన్‌లకి ఏమీ కాలేదు. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. 2019లో దసరాకి మూడు రోజుల ముందు సమ్మె మొదలైంది. సెప్టెంబరు జీతం కూడా రాలేదు, దాదాపు రెండు నెలలు ఇంట్లో పప్పు చారే. అప్పుడూ జనం ఇదే మాటన్నారు, పండగ చెడగొట్టారని. ఇక్కడ చెత్త బండి వెనకుండే రీసైక్లింగ్ ఆఫీసర్ పోస్టు తీసేస్తున్నారు. కొందరికి ఏడాదికి 8,000 పౌండ్ల దాకా పోతుందని యునైట్ యూనియన్ అంటోంది. కౌన్సిల్ ఆ లెక్క ఒప్పుకోవట్లేదు, సరే. కానీ మన జీతంలో అంత కోస్తే మనం ఊరుకుంటామా?

సభ్యుడు, సోలిహల్
నేను ఎవరి జీతం కొయ్యమనలేదు. ప్రతిదానికీ రాజకీయం ఎందుకు? ఇది తెలుగు సంఘం. మనం బతకడానికొచ్చినవాళ్ళం, మన పని మనం చూసుకోవాలి.

వంటల అక్క
కౌన్సిల్ టాక్స్ పోయినేడు 9.99 శాతం, ఈ ఏప్రిల్‌లో ఇంకో 7.49 శాతం. కట్టేటప్పుడు మనం ఇక్కడి వాళ్ళమే కదా!

మాస్టారు
ఇద్దరూ కాస్త ఆగండి. కౌన్సిల్ 2023 సెప్టెంబరులో డబ్బు లేదని చేతులెత్తేసింది, ఆడ ఉద్యోగులకివ్వాల్సిన సమాన వేతనాల బాకీలు మొయ్యలేక. అక్కణ్ణించి లైబ్రరీ వేళలు తగ్గుతున్నాయి, గ్రాంట్లు తగ్గుతున్నాయి. అప్పుడు మనకేం పట్టలేదు, ఇప్పుడు విస్తరి దాకా వచ్చింది కాబట్టి పట్టింది. రాజకీయం వద్దంటే ఎట్లా? కామన్వెల్త్ పౌరులం, వీసా ఉంటే ఇండియా పాస్‌పోర్టుతోనే ఇక్కడ ఓటుంది. వచ్చే ఏడాది, 2026 మేలో, కౌన్సిల్ మొత్తం 101 సీట్లకీ ఎన్నికలు. మనలో ఎంతమంది పేరు నమోదు చేయించుకున్నారు? ఎవరికి వెయ్యాలో నేను చెప్పను. క్రోధి సంవత్సరం ఇంకా పన్నెండు రోజులే ఉంది, కోపాలన్నీ ఈలోపే కానిచ్చెయ్యండి.

కోశాధికారి
మాస్టారూ 😄 సరే. హాల్ మేనేజర్‌తో ఫోన్‌లో మాట్లాడా. ఆమె బాధ కూడా నిజమే, పొద్దున్నే వచ్చి ఆ సంచుల మీద బ్లీచింగ్ చల్లుకుంటోందట పాపం. చివరికి ఒక మాటకి ఒప్పుకుంది. కిచెన్ తెరవరు. చల్లటి తిండి పర్వాలేదు. సాయంత్రానికి ఒక్క సంచి కూడా అక్కడ మిగలకూడదు.

వంటల అక్క
అయితే పులిహోర, దద్దోజనం, బొబ్బట్లు. సాంబారు, గారెలు కట్. మామిడికాయ ఇళ్ళలోనే తరుగుదాం, తొక్క ఎవరిది వాళ్ళింట్లోనే. పేపర్ ప్లేట్లు వద్దేవద్దు. ఎవరి కంచం, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలి. మా ఊళ్ళో బంతి భోజనానికి చెంబు పట్టుకుని వెళ్ళేవాళ్ళం, ఏం తక్కువైంది?

పిల్లల డాన్సుల అక్క
పట్టుచీరకి స్టీలు కంచం. సెల్ఫీలకి బాగుంటుంది.

సభ్యుడు, సోలిహల్
నా దగ్గర పెద్ద వ్యాన్ ఉంది. ఏదైనా మిగిలితే నేను తీసుకెళ్తా, కేటరర్ దగ్గర్నుంచి గిన్నెలు కూడా తెస్తా. చెల్లీ, నాన్నగారిని అడిగానని చెప్పు.

రిజిస్ట్రేషన్ చెల్లి
చెప్తా అన్నా. ఆయన వస్తున్నారు, విజిటర్ వీసా మొన్నే వచ్చింది. టేబుల్ దగ్గర కూర్చోబెడతా, టికెట్లు చింపడం అలవాటే.

కోశాధికారి
కేటరర్ ఒప్పుకున్నాడు. గారెలు తీసేసినందుకు ఆ డబ్బుకి బొబ్బట్లు పెంచుతాడు. ప్రైవేటు వాళ్ళు అక్కర్లేదు, ఆ 240 ఖర్చు తప్పింది.

మాస్టారు
రిజిస్ట్రేషన్ టేబుల్ పక్కన ఇంకో కుర్చీ నాకు వెయ్యండి. ఓటు నమోదు ఫోన్‌లోనే చెయ్యొచ్చు, అడిగిన వాళ్ళకి చూపిస్తా. పార్టీ జెండా ఉండదు, మాటిస్తున్నా.

కార్యదర్శి, శుక్రవారం 28
గుర్తుంచుకోండి, శనివారం అర్ధరాత్రి దాటాక గడియారం గంట ముందుకి పోతుంది. పదింటికి రండి అంటే కొత్త పది.

సౌండ్ తమ్ముడు
మనవాళ్ళు ఎలాగూ పదకొండుకి వస్తారు అన్నా. పార్కింగ్‌కి ఎవరున్నారు?

వంటల అక్క
వచ్చినవాళ్ళే చూసుకుంటారు. నాకు బెల్లం తరగడానికి రేపు సాయంత్రం ఇద్దరు కావాలి, మా ఇంటికి.

టివిడేల్ తమ్ముడు
నేనొస్తా అక్కా. పచ్చడికి ఒక గ్లాసు, నీళ్ళకి ఒక గ్లాసు తెచ్చుకోవాలా?

వంటల అక్క
ఒకటే. కడుక్కో.