తుపాకీ క్లీనింగ్ ఇంట్లో ఎక్కడ చేసుకోవాలి, హాల్లోనా బాల్కనీలోనా?

కొరిటెపాడు_హవల్దార్: నాది 12 బోర్ డబుల్ బ్యారెల్, లైసెన్స్ ఉంది. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ నూనె మరకలు, నల్లబడ్డ గుడ్డలు అని ఇంట్లో గొడవ. నేను హాల్లో పేపర్లు పరిచి చేస్తాను. మీరెలా చేస్తున్నారు?

గొల్లపూడి_రైతు: పేపర్ వద్దన్నా, నూనె దిగుతుంది. పాత ఫ్లెక్సీ తిరగేసి వెయ్యండి, అయ్యాక సర్ఫ్ నీళ్లతో కడిగేస్తే సరి.

పటమట_షూటర్: మరకల సంగతి తర్వాత. ఆ నలుపులో సీసం ఉంటుంది, తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ నుంచీ వస్తుంది, గుళ్ల నుంచీ వస్తుంది. చర్మంలోంచి పెద్దగా ఎక్కదు కానీ సబ్బుతో చేతులు కడగకుండా ముద్ద నోట్లో పెడితే లోపలికి పోయినట్టే. పాకే పిల్లలున్న ఇంట్లో హాలు నేల మీద చేయడం ముమ్మాటికీ తప్పు. చీపురు పెడితే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యాలి. బాల్కనీయే నయం.

లక్ష్మీపురం_3వ_అంతస్తు: బాల్కనీ మాట ఎత్తకండి. ఎదురు ఫ్లాట్ వాళ్లు చూసి పోలీసులకి ఫోన్ చేశారు, లైసెన్స్ చూపించేదాకా ఒకటే టెన్షన్.

కొరిటెపాడు_హవల్దార్: నేను కాల్చేదే ఎప్పుడో, సీసం ఎక్కడిది? మనకి అసలు శత్రువు తుప్పు. 2024 ఎన్నికల కోడ్ అప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకుంటే బ్యారెల్ లోపలంతా ఎర్రటి చుక్కలు. సర్వీసంతా పుల్‌త్రూ, అదే బ్యారెల్లోంచి గుడ్డని లాగే తాడు, లాగినవాణ్ణి. తూటాలు వేరే గదిలో పెట్టి, తూటా కూర్చునే చాంబర్లు రెండూ ఖాళీ అని కళ్లతో చూసి, వేలు పెట్టి చూసి మొదలుపెడతా. చిందీ గుడ్డకి నాలుగు చుక్కలు చాలు, కారేంత పోస్తే గలీజు కాక ఏమవుతుంది?

గుంటూరు_కుర్రాడు: పెట్రోల్‌తో తుడిస్తే మరకే ఉండదు.

గొల్లపూడి_రైతు: పక్కనే గ్యాస్ పొయ్యి పెట్టుకుని పెట్రోలా బాబూ? ఆవిరి చాలు అంటుకోవడానికి.

పటమట_షూటర్: హవల్దార్ గారూ, నేను సీసం అంటే మీరు తుప్పు అంటున్నారు. ఒక్క గుండు పేల్చినా మసి ఉంటుంది. పిల్లలు తిరిగే నేల గురించి సమాధానం చెప్పండి.

బ్రాడీపేట_కోడలు: ఏం పరచాలో అందరూ చెప్తున్నారు, ఎవరు తుడుస్తున్నారో ఒక్కరూ చెప్పరేం? మా మామయ్యగారు బ్యాంకు దగ్గర గార్డు. మొన్న నేను పాలగిన్నె దింపిన మసిగుడ్డ ఆయన బ్యారెల్ తుడిచిందే. నూనె వాసన వచ్చి చూస్తే అంచంతా నల్లగా ఉంది. బ్రష్ సింకు కింద, గిన్నెలు తోమే పీచు పక్కన.

పటమట_షూటర్: చూశారా? ఇంత ఇబ్బందైతే ఆ తుపాకీ సరెండర్ చేసెయ్యొచ్చుగా. ఇల్లు అందుకు చోటు కాదు.

కొరిటెపాడు_హవల్దార్: షూటింగ్ రేంజ్‌లో క్లీనింగ్ బల్ల ఉన్నవాళ్లు ఎన్నైనా చెప్తారు. సరెండర్ చేస్తే నా కూడు పోతుంది సార్. సొంత తుపాకీ, సొంత లైసెన్స్ ఉన్నవాడికే సెక్యూరిటీ ఏజెన్సీ గార్డు డ్యూటీ ఇచ్చింది. నూనె నా డబ్బే, గుడ్డ నా లుంగీయే. డ్యూటీ చోట ఓ మూల బల్ల వెయ్యమని అడిగితే ఇంటి దగ్గర చేసుకోమన్నారు. వాళ్ల డబ్బుకి కాపలా నా తుపాకీ, దాని మురికి మాత్రం నా ఇంటికా?

పటమట_షూటర్: బల్ల వాళ్లే ఇవ్వాలి, అందులో మీతోనే ఉన్నాను. అయినా హాలు నేల తప్పే.

బ్రాడీపేట_కోడలు: బాబాయ్ గారూ, బల్ల కోసం మీరంతా కలిసి రాసివ్వండి, మా మామయ్యగారితోనూ సంతకం పెట్టిస్తా. ఈలోపు గుడ్డలకి మూత ఉన్న డబ్బా వేరే పెట్టుకోండి. పారెయ్యడం కూడా మీ పనే.

కొరిటెపాడు_హవల్దార్: డబ్బా పెడతానమ్మా. కాగితం రాత్రికి రాసి ఇక్కడే పెడతాను. బాల్కనీకి మాత్రం రాను.