రిజిస్టర్ చేయించని పార్ట్‌నర్‌షిప్: భాగస్వామి తెచ్చిన అరువు, ఏజెంటు తక్కువకి అమ్మిన సరుకు, రాని బాకీ. ఏం చేయాలి?

పప్పు టిన్ను (ప్రశ్న)

పర్లాకిమిడిలో (ఒడిశా) ముగ్గురం కలిసి జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాం. నాలుగేళ్ల కిందట పాతపట్నంలో (ఆంధ్ర) కొన్న వంద రూపాయల స్టాంపు పేపరు మీద తెలుగులో ఒప్పందం రాయించి, ఇక్కడ పర్లాకిమిడిలోనే సంతకాలు పెట్టాం. పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా ఫర్మ్ పేరు మీదే ఉన్నాయి. ఫర్మ్‌ని మాత్రం రిజిస్టర్ చేయించలేదు. ఒప్పందంలో "పాతిక వేలు దాటిన కొనుగోలుకి ఇద్దరి సంతకం ఉండాలి" అని ఉంది.

ఇప్పుడు మూడు చిక్కులు.

ఒకటి, మాలో ఒక భాగస్వామి పలాస వ్యాపారి దగ్గర 40 బస్తాల పిక్కలు (పెంకు తీయని జీడిగింజలు, 80 కిలోల బస్తా) ఫర్మ్ పేరున అరువు తెచ్చి, సరుకు మా గోడౌనుకి తేకుండా బయట అమ్మేసుకున్నాడు. ఆ వ్యాపారి ఇప్పుడు మిగిలిన ఇద్దరి మీద పడ్డాడు.

రెండు, బరంపురంలో మా కమీషన్ ఏజెంటు 60 టిన్నుల 320 గ్రేడు పప్పుని మేం చెప్పిన రేటుకి కిలోకి 35 రూపాయలు తక్కువకి, అదీ అరువు మీద అమ్మాడు. కొన్నవాడు పైసా ఇవ్వలేదు.

మూడు, విజయనగరం షాపు నుంచి 3 లక్షల 80 వేలు రావాలి. సరుకు ఇచ్చి రెండేళ్ల అయిదు నెలలైంది. బిల్లు మీద 30 రోజుల గడువు అని ఉంది. "రిజిస్టర్ కాని ఫర్మ్ కోర్టుకి వెళ్లలేదు" అని వాళ్లే మాకు చెబుతున్నారు. నిజమేనా?

సరిహద్దు వకీలు

మూడోది ముందు చూడండి, గడియారం అక్కడే తిరుగుతోంది.

వాళ్లు చెప్పింది సగం నిజం. 1932 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనదు, చేయించకపోతే జరిమానా కూడా వేయదు. కానీ సెక్షన్ 69 చేతులు కట్టేస్తుంది. ఒప్పందం వల్ల వచ్చిన హక్కు మీద రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ల మీద దావా వేయలేదు, వాళ్లు వేసిన దావాలో "మాకూ రావాల్సింది ఉంది, కోసుకోండి" అని సెటాఫ్ కూడా అడగలేదు. బయటివాళ్లు మాత్రం మీ మీద నిక్షేపంగా వేయొచ్చు. వంద రూపాయలకి మించని చిన్న దావాలకి మినహాయింపు ఉంది. 1932లో వంద అంటే వందే, ఇప్పుడది టీ ఖర్చు.

మిగతా సగం వాళ్లు చెప్పనిది. సరుకు అమ్మిన నాటికి రిజిస్ట్రేషన్ ఉండాలని లేదు, దావా వేసే నాటికి ఉంటే చాలు. కానీ ఆ రోజుకి ఉండి తీరాలి. ముందు దావా వేసేసి తర్వాత రిజిస్టర్ చేయిస్తే ఆ దావా బతకదు, వెనక్కి తీసుకుని మళ్లీ వేసుకోవాలి. ఈలోగా కాలపరిమితి దాటితే మొత్తం పోయినట్టే.

అరువు గడువు రాసుకున్న అమ్మకానికి లిమిటేషన్ (దావా వేయడానికి కాలపరిమితి) మూడేళ్లు, ఆ గడువు ముగిసిన రోజు నుంచి లెక్క. గడువు రాసుకోకపోతే సరుకు అప్పగించిన రోజు నుంచి. మీ బిల్లు మీద 30 రోజులు ఉంది కాబట్టి ఇంకా సుమారు ఎనిమిది నెలలు చేతిలో ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌కి అర్జీ పెట్టిన రసీదు పనికిరాదు. రిజిస్టర్‌లో ఫర్మ్ పేరు ఎక్కిన తేదీయే లెక్క. అందుకే ఈ వారమే మొదలుపెట్టండి.

అర్జీలో ఉండాల్సినవి: ఫర్మ్ పేరు, ప్రధాన వ్యాపార స్థలం, ఇతర స్థలాలు (పాతపట్నంలో గోడౌన్ ఉంటే అదీ), ఒక్కొక్కరు ఏ తేదీన చేరారు, అందరి పూర్తి పేర్లు, శాశ్వత చిరునామాలు, ఫర్మ్‌కి కాలపరిమితి ఉంటే అది. ముగ్గురూ సంతకం చేయాలి, లేదా దానికోసమే ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన ఏజెంటు చేయాలి. మీకు అసలు చిక్కు ఇక్కడే రావచ్చు. పిక్కలు అమ్ముకున్న ఆ భాగస్వామి సంతకం లేకుండా అర్జీ ముందుకు కదలదు. అతనితో పూర్తిగా తెగతెంపులు చేసుకోకముందే సంతకం పెట్టించుకోండి. ఒడిశాలో రిజిస్టర్ అయితే ఆంధ్ర కోర్టులోనూ చెల్లుతుంది, రెండు చోట్లా చేయించక్కర్లేదు.

ఈలోగా విజయనగరం వాళ్ల నుంచి బాకీ ఒప్పుకుంటూ సంతకంతో కాగితం రాబట్టండి. ఆ మూడేళ్ల గడువు లోపల రాసిచ్చిన ఒప్పుకోలు అయితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. కొంత సొమ్ము చెక్కు మీద ఇచ్చినా అంతే. ఫర్మ్ స్టాంపు, కింద సంతకం, తేదీ మూడూ ఉండాలి. తేదీ లేని కాగితం తెచ్చుకుని తర్వాత తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. ఒకవేళ చెక్కు ఇచ్చి అది తిరిగొస్తే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక వాళ్లకి 15 రోజులు, ఆ తర్వాత నెల లోపల ఫిర్యాదు. చెక్కు కేసుకి సెక్షన్ 69 అడ్డం రాదని పలు హైకోర్టులు చెప్పాయి.

ఏ కోర్టు అంటారా? కొనుగోలుదారు వ్యాపారం చేసేచోట వేయొచ్చు, లావాదేవీలో కొంత భాగం జరిగినచోట కూడా వేయొచ్చు. ఆర్డరు ఒప్పుకున్నది, డబ్బు చేరాల్సింది పర్లాకిమిడిలో అయితే అక్కడి పరిధి కూడా వస్తుంది. బిల్లు మీద "పర్లాకిమిడి పరిధి మాత్రమే" అని ఉంటే మంచిదే. లావాదేవీతో సంబంధం లేని ఊరి పేరు రాస్తే అది చెల్లదు. మీ మొత్తం మూడు లక్షలు దాటింది, పైగా వ్యాపార వివాదం. కాబట్టి అత్యవసర ఉత్తర్వు అవసరం లేకపోతే దావాకి ముందు మధ్యవర్తిత్వానికి అర్జీ తప్పనిసరి. మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని లిమిటేషన్‌లో లెక్కపెట్టరు.

లెక్కల పద్దు

పలాస బాకీ గురించి. "ఇద్దరి సంతకం ఉండాలి" అన్న షరతు మీ ముగ్గురి మధ్య మాట. పలాస వ్యాపారికి అది తెలిసి ఉంటే తప్ప అతని మీద చెల్లదు (సెక్షన్ 20). ప్రతి భాగస్వామీ ఫర్మ్‌కి ఏజెంటే (సెక్షన్ 18). పిక్కలు కొనడం మీ రోజువారీ వ్యాపారమే. ఫర్మ్ పేరున కొన్నాడు. కాబట్టి సరుకు ఎటు పోయినా బాకీ ఫర్మ్‌దే, ముగ్గురిలో ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకునే హక్కు ఆ వ్యాపారికి ఉంది. "నా వాటా మూడో వంతు, అంతే కడతా" అనడం కుదరదు. మీ భాగస్వామి ఇల్లు అమ్మి ఇస్తాడో, బంగారం తాకట్టు పెడతాడో అది మీలో మీకు.

అయితే ఒప్పుకునేముందు కాగితాలు తిరగేయండి. ఇన్‌వాయిస్ మీద ఉన్నది ఫర్మ్ జీఎస్టీ నంబరా, ఆ భాగస్వామి సొంత నంబరా? ఫర్మ్ నంబరైతే ఆ నెల జీఎస్టీఆర్-2బీలో (అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో పోర్టల్‌లో వచ్చే పట్టిక) కనిపిస్తుంది. దాని మీద మీరు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద పడిన పన్నుని మీ పన్నులో తగ్గించుకోవడం) వాడేసుకుని ఉంటే "మాకు తెలియదు" అన్న మాట నిలబడదు. ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) కూడా తీయించండి. సరుకు విలువ యాభై వేలు దాటింది, కాబట్టి ఉండి తీరాలి. అందులో చేర్చాల్సిన చోటు, లారీ నంబరు ఉంటాయి. అక్కడ మీ గోడౌన్ కాకుండా వేరే చిరునామా ఉంటే, వ్యాపారికి ముందే సంగతి తెలుసా అని అడగడానికి అదే మీకున్న పట్టు.

ఆ భాగస్వామి దగ్గర రాబట్టుకోవడం వేరే కథ. ఫర్మ్ సరుకుతో సొంతంగా చేసుకున్న లాభం ఫర్మ్‌కి అప్పగించాలి, మోసం వల్ల వచ్చిన నష్టం పూడ్చాలి. చట్టం స్పష్టంగానే చెబుతోంది. కానీ రిజిస్టర్ కాని ఫర్మ్‌లో భాగస్వామి మీద భాగస్వామి ఒప్పందం అమలు కోసం దావా వేయడానికీ సెక్షన్ 69 అడ్డమే. మిగిలిన దారి ఫర్మ్ రద్దు, లెక్కలు తేల్చడం కోరడం. దానికి అడ్డు లేదు. అంటే నలభై బస్తాల కోసం దుకాణమే కట్టేసుకోవాలన్నమాట. రిజిస్ట్రేషన్ అయితే ఆ ఇబ్బంది ఉండదు.

ఇకమీదట పెద్ద సరఫరాదారులందరికీ "పాతిక వేలు దాటితే ఇద్దరి సంతకం లేని ఆర్డరు ఒప్పుకోవద్దు" అని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచండి. అప్పుడే ఆ షరతుకి పళ్లు వస్తాయి.

ఒప్పందంలో జీతం, వడ్డీ గురించి ఏం రాశారో కూడా చూసుకోండి. ఏమీ రాయకపోతే చట్టం ప్రకారం ఎంత కష్టపడినా భాగస్వామికి జీతం లేదు, లాభనష్టాలు సమానం, పెట్టుబడి ఎక్కువ పెట్టినా సరే. పెట్టుబడికి మించి ఫర్మ్‌కి ఇచ్చిన సొమ్ముకి మాత్రం ఏడాదికి 6 శాతం. పని చేసే భాగస్వామి జీతాన్ని ఆదాయపన్నులో ఖర్చుగా చూపాలన్నా డీడ్‌లో (ఒప్పంద పత్రంలో) ఉండాలి. వడ్డీ 12 శాతం దాటితే ఒప్పుకోరు.

కమీషన్ వీధి

బరంపురం ఏజెంటు విషయంలో 1872 కాంట్రాక్టు చట్టంలో అచ్చం మీ కేసే ఉదాహరణగా ఉంది, సెక్షన్ 237 కింద. ఫలానా రేటుకి తగ్గించవద్దని చెప్పి సరుకు పంపారు, ఆ సంగతి తెలియని కొనుగోలుదారు తక్కువకి కొన్నాడు. అమ్మకం యజమానిని కట్టేస్తుంది. కాబట్టి సరుకు వెనక్కి ఇమ్మని కొన్నవాడిని అడగలేరు.

పోయిన తేడా ఏజెంటు ఇవ్వాలి. టిన్నుకి 10 కిలోలు, 60 టిన్నులు, కిలోకి 35 రూపాయలు: 21,000. చెప్పిన దానికి విరుద్ధంగా చేసి నష్టం తెస్తే పూడ్చాల్సింది అతనే (సెక్షన్ 211). అరువు సంగతి ఇంకోటి. అరువు మీద అమ్మే అధికారం ఉన్నా, కొనేవాడి స్తోమతు విచారించకుండా ఇస్తే నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని సెక్షన్ 212 ఉదాహరణ చెబుతోంది. అరువు ఇవ్వొద్దని మీరు స్పష్టంగా చెప్పి ఉంటే మీ చేయి ఇంకా పైనే.

ఇక్కడ చాలామంది జారిపోయేది మౌనం దగ్గర. తక్కువకి అమ్మాడని తెలిసీ ఊరుకుని, అతను పంపిన లెక్క చీటీ పుచ్చుకుని, వచ్చిన సొమ్ము కిక్కురుమనకుండా జమ చేసుకుంటే ఆ అమ్మకాన్ని మీరు ఒప్పుకున్నట్టే అవుతుంది. తెలిసిన రోజే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాలి. వాట్సాప్ అయినా సరే, కానీ రేటు ఎంత చెప్పామో, అరువు గురించి ఏం చెప్పామో, తేడా ఎంతో అంకెలతో ఉండాలి.

ఏజెంటుని వదిలించుకోవాలనుకుంటే ఫోన్‌లో తిట్టడం చాలదు. రద్దు అతనికి తెలిసినప్పటి నుంచే చెల్లుతుంది, కొనేవాళ్లకి తెలిసినప్పటి నుంచే వాళ్ల విషయంలో చెల్లుతుంది. ఉత్తరం దారిలో ఉండగా అమ్మేసినా ఆ అమ్మకం మీదే, కమీషనూ ఇవ్వాల్సిందే. అందుకని బరంపురంలో మీ సరుకు కొనే ప్రతి దుకాణానికీ విడిగా తెలియజేయండి. ఇంకోటి, రావాల్సిన కమీషన్ తేలేదాకా చేతిలో ఉన్న సరుకు పట్టి ఉంచుకునే హక్కు అతనికి ఉంది. రద్దు చీటీ పంపేముందు అతని గోడౌన్‌లో ఎన్ని టిన్నులున్నాయో చూసుకోండి.

కొత్త ఏజెంటుతో రాసుకునేటప్పుడు బాకీ వసూలుకి అతనే పూచీ పడేలా ఒకటి రెండు శాతం ఎక్కువ కమీషన్ ఇవ్వడం మన వైపు మామూలే. పూచీ అన్న మాట రాతలో ఉండాలి. ఇన్‌వాయిస్ ఎవరి పేరున వేస్తాడో కూడా తేల్చుకోండి. ఏజెంటు తన పేరున బిల్లు వేసే పద్ధతి అయితే, మీరు అతనికి సరుకు పంపిన రోజే జీఎస్టీ లెక్కలో అది సప్లై (పన్ను పడే సరఫరా).

పప్పు టిన్ను

అందరికీ చాలా థాంక్స్ అండి. ఆ భాగస్వామి రిజిస్ట్రేషన్ అర్జీ మీద సంతకం పెడతానన్నాడు, ఆ తర్వాత బయటికి వెళ్లిపోతానంటున్నాడు. ముగ్గురం ఒక తెల్లకాగితం మీద రాసుకుంటే సరిపోతుందా? పాత స్టాంపు పేపరు ఆంధ్రది, దానికేమైనా ఇబ్బందా?

సరిహద్దు వకీలు

స్టాంపు ముందు చెబుతాను. సంతకాలు ఏ రాష్ట్రంలో జరిగితే ఆ రాష్ట్ర స్టాంపే కావాలి. మీరు సంతకం పెట్టింది ఒడిశాలో. స్టాంపు సరిగా లేని కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, లోటుతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా పడవచ్చు. పాత షరతులే ఉంచి, ఒడిశా స్టాంపు మీద కొత్త డీడ్ రాయించి, దానితో రిజిస్ట్రేషన్‌కి వెళ్లండి. తెలుగులో రాసినది చెల్లకపోదు, కానీ ప్రతిచోటా అనువాదం అడుగుతారు. ఒడియాలోనో ఇంగ్లిషులోనో రాయించుకుంటే తిరుగుడు తగ్గుతుంది.

బయటికి వెళ్లడానికి మీ మధ్య రిటైర్‌మెంట్ డీడ్ కావాలి. పలాస బాకీ ఎవరు కడతారో అందులో రాయించండి. అది పలాస వ్యాపారిని కట్టేయదు, అతను కూడా సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప. వీలైతే అతన్ని కూర్చోబెట్టి పెట్టించుకోండి.

డీడ్‌తోనే అయిపోలేదు. బహిరంగ నోటీసు ఇచ్చేదాకా వెళ్లిపోయే భాగస్వామి చేసే పనులకి మీరూ, మీరు చేసే పనులకి అతనూ బాధ్యులే. రిజిస్టర్ అయిన ఫర్మ్‌కి నోటీసు మూడు చోట్ల: రిజిస్ట్రార్‌కి, అధికారిక గెజెట్‌లో, జిల్లాలో తిరిగే ఒక ప్రాంతీయ భాషా పత్రికలో. పర్లాకిమిడి ఉన్నది గజపతి జిల్లా కాబట్టి ఒడియా పత్రికలో వేయించండి. పలాస, విజయనగరం వ్యాపారులు అది చదవరు, వాళ్లకి తెలుగులో ఉత్తరాలు పోస్టు చేయండి. అతను వెళ్లాక పక్కనే సొంత జీడి యూనిట్ పెట్టుకోవచ్చు, మీ ఫర్మ్ పేరు మాత్రం వాడకూడదు. ఇన్నేళ్లు, ఇంత దూరంలో పెట్టకూడదని న్యాయంగా ఉన్నంత వరకు రాయించుకోవచ్చు.

లెక్కల పద్దు

జీఎస్టీ పోర్టల్‌లో భాగస్వాముల మార్పుని 15 రోజుల్లో చూపాలి. బ్యాంకులో సంతకాల మార్పు అదే రోజు చేయించండి. అతని దగ్గరున్న బిల్లు బుక్కులు, ఫర్మ్ రబ్బరు స్టాంపు, సంతకాలు పెట్టి ఉంచిన చెక్కులు నంబర్లు రాసుకుని మరీ వెనక్కి తీసుకోండి. విజయనగరం దావా వేసేటప్పటికి అతను వెళ్లిపోయినా, మీరిద్దరి పేర్లూ రిజిస్టర్‌లో ఉంటే ఫర్మ్ పేరున దావా నడుస్తుంది. రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫైడ్ కాపీ రెండు మూడు ఒకేసారి తీసి పెట్టుకోండి.