సినాయ్ ఎడారి కొండల్లో ఇనుము, మాంగనీసు కలిసి ఎందుకున్నాయి? మన రాయగడ వైపు రాయి లాంటిదేనా?

రాయగడ మావయ్య:
మా మేనల్లుడు బరంపురంలో జియాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. వాడికి సెమినార్‌కి ఈజిప్టు సినాయ్‌లో ఉమ్ బోగ్మా అనే చోటున్న ఇనుము, మాంగనీసు ఖనిజం గురించి ఇచ్చారట. వాడొచ్చి నన్ను పట్టుకున్నాడు, ఎందుకంటే మా నాన్న చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల్లో పనిచేసి తర్వాత రాయగడలో స్థిరపడ్డాడు, నా చిన్నతనమంతా నల్లరాళ్ల కుప్పల మీద ఆటలే. రాళ్లు మోసినవాడి కొడుకైతే మాత్రం రాయి ఎలా పుట్టిందో తెలుస్తుందేటి? నా సందేహం ఏమిటంటే, అక్కడ చూస్తే వాన లేదు చెట్టు లేదు, ఇక్కడ చూస్తే వానాకాలమంతా తడిసి ముద్దయ్యే కొండలు, అయినా రెండు చోట్లా నల్లరాయి, ఎర్రరాయి కలిసే దొరుకుతున్నాయి. అక్కడ ఎడారి ఎండకి అలా తయారైందా, లేక రెండిటి పుట్టుకా ఒకటేనా? కాస్త చెప్పండి, వాడి దగ్గర నా పరువు పోయేలా ఉంది.

గుణుపూర్ పంతులు:
మావయ్య గారూ, ముందు ఎడారిని మర్చిపోండి. ఎడారి ఇప్పటిది, ఆ ఖనిజమున్న రాయి కార్బొనిఫెరస్ అనే భూయుగం తొలి భాగం నాటిది, అంటే సుమారు 34 కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పుడక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పొరే ఉమ్ బోగ్మా ఫార్మేషన్, అంటే ఆ పేరున్న రాతి పొరల వరస. కింద ఇంకా పాత ఇసుకరాయి, పైన మళ్లీ ఇసుకరాయి, మధ్యలో ఇది. ఖనిజం ఎక్కువగా ఈ డోలమైట్ అడుగు భాగంలో ఉంటుంది, అదీ ఒకే పలకలా పరుచుకుని కాదు, మసూరు పప్పు గింజలా మధ్యలో లావుగా అంచుల్లో పల్చగా, అక్కడొకటి ఇక్కడొకటి.

ఇక ఇనుము, మాంగనీసు జంట సంగతి మీ బోరు నీళ్లలోనే చూడొచ్చు. లోపల గాలి తగలనంతసేపు రెండూ నీళ్లలో కరిగే ఉంటాయి, కంటికి కనపడవు. బిందెలో పట్టి ఉంచితే కాసేపటికి ఎర్రటి మడ్డి దిగుతుంది, అది ఇనుము, దానికి ఓపిక తక్కువ, కొంచెం ఆక్సిజన్ తగిలితే చాలు తుప్పై కూర్చుంటుంది. మాంగనీసుకి ఇంకా ఎక్కువ ఆక్సిజన్, ఇంకాస్త క్షారగుణం కావాలి, అందుకే అది ఆలస్యంగా, పైపుల లోపల నల్లటి పూతలా పడుతుంది. డోలమైట్ కార్బొనేట్ రాయి, కాబట్టి పులుపున్న నీళ్లు దాన్ని తాకితే పులుపు విరిగిపోతుంది, రాయి కొంత కరుగుతుంది, లోహాలు అక్కడే దిగబడతాయి. ఒక చోట ఇనుప ఖనిజాలైన హెమటైట్, గోథైట్ ఎక్కువ, కొంచెం పక్కన మాంగనీసు ఖనిజాలైన పైరోలుసైట్, సైలోమెలేన్ ఎక్కువ ఉన్నాయంటే ఈ ముందువెనకల వల్లే.

మన తూర్పు కనుమల రాయి కథ వేరు. ఇదీ ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మట్టే అంటారు గానీ, దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో ఉడికిపోయి ఖొండలైట్ అనే రాయి అయింది (ఆ పేరు మన కొండ్ జనం పేరు మీదే పెట్టారు, ఇది పిల్లాడికి తప్పకుండా చెప్పండి). మాంగనీసున్న పొరలు మాంగనీసు పట్టిన గార్నెట్, ఫెల్డ్‌స్పార్, ఫాస్ఫరస్ ఉండే అపటైట్ అనే ఖనిజాలు కలిసిన కోడూరైట్ రాయి అయ్యాయి, విజయనగరం వైపు కోడూరు గని పేరే అది. తర్వాత వానలు లక్షల ఏళ్లు గార్నెట్‌ని కుళ్లబెడితే నల్ల ఆక్సైడ్లు మిగిలాయి. కాబట్టి మీ నాన్నగారు తవ్విన సరుకు తయారవడంలో వానదే పెద్ద చెయ్యి. సినాయ్‌లో ఎడారి చేసిందల్లా కొండని బోసిగా ఉంచి పొరలు కంటికి కనపడేలా చెయ్యడమే.

కొరాపుట్ కుర్రోడు:
పంతులు గారూ, మీరు చెప్పినంత తేలిగ్గా తేలిపోలేదండి అక్కడి విషయం. సముద్రం అడుగునే డోలమైట్‌తో పాటు పేరుకుందని ఒక వాదం, డోలమైట్ పైకి లేచి వాననీళ్లకి గుహలు పడ్డాక ఆ గుంతల్లో నిండిందని ఇంకో వాదం, పగుళ్ల వెంట వేడినీళ్లు తెచ్చాయని మూడో వాదం. నాకైతే గుహల వాదమే నచ్చుతుంది, ఖనిజం పొరల్ని అడ్డంగా కోసుకుంటూ పోయిన చోట్ల అది పొరతో పాటు పుట్టిందని ఎలా అంటాం? అదే నిజమైతే సినాయ్‌లో కూడా ఒకప్పుడు బాగా వానలు పడ్డ కాలం లెక్కలోకి వస్తుంది, మావయ్య గారి ప్రశ్న తిరగబడుతుంది. సెమినార్‌లో ఒక్క వాదం చెప్పి దిగితే మాత్రం మేష్టార్లు వదలరు, మూడూ పెట్టమనండి.

లోడింగ్ పాయింట్:
నేను చదువుకున్నోణ్ణి కాదు, ఇరవై ఏళ్లు వ్యాగన్లు ఎక్కించాను. కొనేవాడికి ఎన్ని కోట్ల ఏళ్లన్నది అక్కర్లేదు, మాంగనీసుకీ ఇనుముకీ నిష్పత్తి ఎంత, ఫాస్ఫరస్ ఎంత, అంతే. మంచి ఫెర్రో మాంగనీస్‌కి (ఉక్కు తయారీలో వాడే ఇనుము, మాంగనీసు మిశ్రలోహం) ఖనిజంలో ఇనుము కన్నా మాంగనీసు ఆరేడు రెట్లు ఉండాలంటారు, ఇనుము ఎక్కువ కలిసిన సరుకు బ్లెండింగ్‌కి, అంటే మంచి సరుకులో కలపడానికి పోతుంది. విజయనగరం వైపు గర్భాం గని సరుకుకి ఫాస్ఫరస్ గొడవ ఎప్పుడూ ఉండేది, పైన పంతులు గారు చెప్పిన అపటైట్ వల్లేనని ఇవాళ తెలిసింది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఆ విజయనగరం వైపు, 1892లో. అక్కడ సినాయ్‌లో సరుకు అబూ జెనిమా రేవుకి దింపి ఓడెక్కించేవారు.

రాయగడ మావయ్య:
అందరికీ దండాలు. వాడు మూడు వాదాలూ రాసుకున్నాడు, బిందె ఉదాహరణ కూడా. రాత్రి పాత పెట్టెలోంచి మా నాన్న దాచిన రాయి తీసి, గీత ఏ రంగులో పడుతుందో చూద్దామని స్విచ్ బోర్డు ఫ్యూజు పింగాణీ వెనక, మెరుపు లేని వైపు రుద్దాం. సగం రాయి నల్లగా గీసింది, రెండో సగం ఎర్రగా. ఇన్నాళ్లూ దాన్ని మాంగనీసు రాయి అనే అనుకున్నాను.

గుణుపూర్ పంతులు:
నలుపు గీసిన వైపు మాంగనీసు, ఎరుపు గీసిన వైపు హెమటైట్. ఇటూ అటూ ఫొటో తీసి స్లైడ్‌లో పెట్టమనండి, కాకపోతే కింద సినాయ్ అని రాయొద్దని చెప్పండి.