చెర, చెరువు, చెరచు: ఏది దేనికి చుట్టం?

'చెరపట్టు', 'చెరచు' ఒకే ధాతువు నుంచి పుట్టాయా అని నిన్న ఒకరు అడిగారు. కావు. ఈ రెంటినీ కలిపేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పాత రాతలో 'చెర' బండి ఱతో 'చెఱ'. బందీగా ఉండటం అని అర్థం. రావణుడు సీతను చెరపట్టాడంటే, ఎత్తుకుపోయి కదలనివ్వకుండా ఉంచాడనే. అశోకవనం చీకటికొట్టు కాదు, పూలతోట. అయినా అది సీతకు చెరే. గదిని చెప్పాల్సి వచ్చినప్పుడు సంస్కృతపు 'శాల'ను 'సాల' చేసి తగిలించుకున్నాం: చెరసాల.

తమిళంలో దీని తోబుట్టువు 'చిఱై'. దానికి జైలు అనే కాదు, నీటికి అడ్డం వేసిన కట్ట అనీ అర్థం. మలయాళంలో 'చిఱ' అంటే కట్ట, చెరువు. మన 'చెఱువు'దీ ఇదే కుదురు. కన్నడంలో అది 'కెఱె'. వాళ్ళ 'కివి' మనకు 'చెవి' అయినట్టే. చిన్నప్పుడు చెరువు తూము మూయగానే కింది కాలవలో నీళ్ళు సన్నబడి, చేపపిల్లలు బురదలో కొట్టుకోవడం చూసేవాణ్ణి. చెర అనే మాట తలుచుకుంటే నాకు కటకటాల కన్నా ముందు ఆ తూమే గుర్తొస్తుంది. పారేదాన్ని ఆపడం.

'చెరచు' వేరు. అది 'చెడు'కు ప్రేరణరూపం, అంటే చెడేలా చేయడం. పాత రూపం 'చెఱుచు'. ఇందులోనూ బండి ఱ ఉండటంతో తికమక పడతాం. తమిళం వైపు చూస్తే తేలిపోతుంది: 'చెడు' అక్కడ 'కెడు', 'చెఱ' అక్కడ 'చిఱై'. ఒకదానిలో డ, ఇంకోదానిలో ఱ. ధాతువే కలవదు. 'చెరపకురా చెడేవు' సామెతలో ఆ తల్లీబిడ్డలు పక్కపక్కనే ఉన్నారు.

అత్యాచారాన్ని 'చెరచడం' అంటే చెడిపోయిందన్న నింద ఆడమనిషి మీదకే పోతుంది. ఆ మాట వార్తల్లో వాడకూడదని నా గట్టి అభిప్రాయం. దానికి బదులు 'చెరపట్టు' రాయడం మరో పొరపాటు. రామాయణంలో మాటకే అర్థం మారిపోతుంది.

తరవాత ఖైదు అరబ్బీ నుంచి వచ్చింది, బందీఖానాలో 'ఖానా' పారసీ, జైలు ఇంగ్లీషు. గోల్కొండ కోటలో కంచర్ల గోపన్నను ఉంచారని చెప్పే చోటును ఇప్పటికీ రామదాసు బందీఖానా అనే అంటాం.

చేలో పడ్డ పశువును తోలేది మా వైపు బందెలదొడ్డి. దానికి 'చెర' అనే మాట మీ ఊళ్ళో ఎవరైనా వాడగా విన్నారా?